స్వామి కారం

నవంబర్ 19, బుధవారం

ఆయన కళ్ళకు ఏమీ కాదని డాక్టరు అన్నాడు. ఏమీ కాదంటూనే రెండు కళ్ళకూ కట్టు కట్టాడు.

పొద్దున మా వంట షెడ్డులో పోపు పెడుతుంటే నూనె చింది పడింది. వచ్చే బుధవారం రమ్మన్నాడు, అప్పుడు విప్పి చూస్తాడట. విప్పినా కొన్నాళ్ళు ఫోను, కంప్యూటరు చూడొద్దట. ఆయన స్నేహితుడు కొండల్ అన్న కారులో తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. అత్తాపూర్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కినప్పటి నుంచి సాతంరాయిలో మా ఇల్లు వచ్చేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. పెళ్ళయినప్పటి నుంచి బయట ఎక్కడా నా చెయ్యి పట్టుకున్న మనిషి కాదు.

ఇది సంతోషపడే సమయం కాదు. జరిగింది కాబట్టి రాశాను, అంతే.

నవంబర్ 20, గురువారం

గోదాముల్లో పనిచేసేవాళ్ళకు పంపే భోజనం ఈ రోజు దశరథం అన్న ఒక్కడే వండాడు. అత్తమ్మ ఆయన మంచం దగ్గరే కూర్చుంది. దశరథం అన్న చాలా ఏళ్ళ నుంచి అత్తమ్మ చేతి కింద వంట చేస్తున్నాడు కాబట్టి సరిపోయింది.

సాయంత్రం అనంతయ్య గురుస్వామి వచ్చాడు. ఎయిర్‌పోర్టులో టాక్సీలు నడిపేవాళ్ళకు అయ్యప్ప మాల వేసేది ఆయనే. వచ్చే బుధవారం పడిపూజ, మధ్యాహ్నం స్వాములకు భిక్ష మా షెడ్డులోనే వండాలని ముందే అనుకున్న మాట. కట్టు చూసి వెనక్కి తగ్గాడు.

"పరేషాన్ గాకు స్వామీ. గీసారి గాకుంటే వచ్చే యేడు వండుదువు."

"వండేది మా అమ్మ. నూనె పడ్డది నా కండ్లల్ల, ఆమె చేతుల మీద గాదు" అన్నాడు ఆయన.

గురుస్వామి నవ్వాడు. కానీ వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకోకుండా గుమ్మం దగ్గర నిలబడి అత్తమ్మతో ఒక మాట చెప్పాడు. పోయిన ఏడు ఇంకెక్కడో భిక్షలో సాంబారులో ఉల్లిగడ్డ వచ్చిందట. మొదటిసారి మాల వేసుకున్న స్వాములు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళి బయట వాంతి చేసుకున్నారట. ఒకాయన ఏడ్చాడట. "ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వాసన గూడ తగలొద్దు మాతా. మీ మీద నమ్మకంతోని తింటరు" అన్నాడు.

అత్తమ్మ తల ఊపింది. గురుస్వామి పోయాక చాలాసేపు పొయ్యి వైపే చూస్తూ కూర్చుంది.

కరోనా వచ్చిపోయినప్పటి నుంచి అత్తమ్మకు వాసన తెలియదు. ఈ సంగతి ఆమెకు, ఆయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. అంతకు ముందు ఆమె గిన్నె మూత కొంచెం జరిపి, ఆవిరి పీల్చి, ఉప్పు తక్కువైందని చెప్పేదట. నేను వచ్చేటప్పటికే ఆ రోజులు అయిపోయాయి. మామూలు రోజుల్లో దశరథం అన్న రుచి చూస్తాడు. భిక్ష రోజు అదీ కుదరదు. స్వామికి నైవేద్యం పెట్టేదాకా గంటెకు అంటిన మెతుకు కూడా ఎవరూ నోట్లో వేసుకోకూడదు.

నవంబర్ 21, శుక్రవారం

సరుకుల లిస్టు కంప్యూటరులో నేను తీయాలట.

నాకు రాదన్నాను. ఏడో తరగతి చదివినవు గదా అన్నాడు ఆయన. ఏడో తరగతిలో ఇది లేదు అన్నాను. నవ్వాడు. కట్టు కింద కళ్ళు నొప్పి పుట్టి వెంటనే ఆపేశాడు. అందుకని ఒప్పుకున్నాను.

ఒక్కో వంటకు ఒక్కో ఫైలు ఉంది. తెరిస్తే గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక గడిలో వస్తువు, పక్క గడిలో ఎంత, దాని పక్కన కిలోనా లీటరా. అత్తమ్మ చేత్తో తీసి వేసిందల్లా మళ్ళీ తూకం వేసి ఆయన ఒక్కొక్కటిగా రాసుకున్నాడు. కొండల్ అన్న ఇంకొకటి చేసి ఇచ్చాడు. అది నల్ల తెర. అందులో బొమ్మలు ఉండవు, నొక్కడానికి గుర్తులు ఉండవు. ఒక చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. అక్కడ ఇంగ్లీషు అక్షరాలతో జమ అని కొట్టి, వంటల పేర్లు కొట్టి, ఎంతమందికో కొట్టి, పెద్ద మీట నొక్కాలి. అన్ని ఫైళ్ళూ తనే తెరిచి, ఎక్కడెక్కడి పప్పు, నూనె, చింతపండు కలిపి ఒక్క లిస్టు ఇస్తుంది.

మొదటిసారి కొడితే ఏదో ఎర్రగా వచ్చింది. మంచం మీద నుంచి ఆయన ఏమొచ్చింది అని అడిగాడు. చదవలేక ఏమీ రాలేదన్నాను. "ఏం రాకుంటే గింత సేపు ఊకె ఎందుకున్నవ్" అన్నాడు. తర్వాత ఒక్కో అక్షరం చదివి వినిపించాను. సాంబారులో ఒక అక్షరం వదిలేశానట.

మళ్ళీ కొట్టాను. వచ్చింది. తెర నిండా వచ్చింది.

నవంబర్ 22, శనివారం

భయం లేదు. నేను కొట్టేది పేర్లే, లెక్క చేసేది అదే.

నవంబర్ 23, ఆదివారం

అసలు ఫైళ్ళు ముట్టొద్దు, నకలు తీసి దాని పేరు ముందు స్వామి అని పెట్టు, అందులో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉన్న వరుసలు కొట్టెయ్ అని ఆయన చెప్పాడు. అలాగే చేశాను. స్వామి సాంబారు, స్వామి వంకాయ, స్వామి పప్పు. పులిహోరలో, పరమాన్నంలో ఎలాగూ ఉండవు.

అత్తమ్మ పక్కన చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. ఆ డబ్బా ఏమంటున్నది అని అడిగింది. ఏమీ అనడం లేదు అత్తమ్మా, నేను చెప్పినట్టు వింటున్నది అన్నాను. "అయితె నీకంటె బుద్ధిమంతురాలే" అంది. దశరథం అన్న పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను, చెంగు అడ్డం పెట్టుకుని.

నవంబర్ 24, సోమవారం

భిక్ష లిస్టు తీశాను. స్వామి వంటలన్నీ కలిపి ఒక్కసారే కొట్టాను. తప్పు రాలేదు.

లిస్టులో ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర చాలా వచ్చాయి. అంత ఎందుకని అడిగితే, అవి మన ఇంటి కారానివి, కూరల్లో కారం వేస్తాం కదా, జాడీ నిండా ఉంది, కొనే పని లేదు, గవి తీసెయ్ అన్నాడు. తీసేశాను.

వాటి కిందే వెల్లుల్లి వచ్చింది.

నేను అన్నిట్లోనూ తీసేశాను. మూడు ఫైళ్ళూ మళ్ళీ తెరిచి చూశాను, ఎక్కడా లేదు. ఈ నల్ల తెరకు పాతది గుర్తుండిపోయి ఉంటుంది. అడుగుదామనుకున్నాను. అడిగితే ఫైళ్ళన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా చదవమంటాడు, నేనేదో చెడగొట్టానని అనుకుంటాడు. ఆ వరుస కూడా తీసేశాను.

తర్వాత ఆయనకు లిస్టంతా చదివి వినిపించాను. చివర్లో అడిగాడు, "ఎల్లిగడ్డ రాలేదు గదా?"

రాలేదన్నాను. లిస్టులో లేదు మరి.

నవంబర్ 25, మంగళవారం

రాజేంద్రనగర్ నుంచి కూరగాయలు వచ్చాయి. వంకాయలు లేతగా ఉన్నాయి. అత్తమ్మ షెడ్డంతా పసుపునీళ్ళతో కడిగించింది. గిన్నెలు బూడిదతో తోమి ఎండలో బోర్లించింది.

లిస్టు సరిగ్గానే ఉంది. సరుకులన్నీ సరిపోయాయి.

రేపు కట్టు విప్పుతారు. మనసులో ఉన్న బరువు దానికే అయి ఉంటుంది.

లిస్టు సరిగ్గానే ఉంది.

నవంబర్ 26, బుధవారం

చేతులకు ఇంకా మిరపకాయల మంట ఉంది. అయినా ఈ రోజు సంగతి ఈ రోజే రాయాలి.

తెల్లవారగానే అందరం తలస్నానాలు చేశాం. కొండల్ అన్న వచ్చి ఆయన్ని దవాఖానకు తీసుకెళ్ళాడు. నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు, అమ్మ దగ్గర ఉండమన్నాడు. కారు ఎక్కేటప్పుడు ముఖం నా వైపు కాకుండా గోడ వైపు తిప్పి, "కళ్యాణీ, నువ్వు దీసిన లిస్టు గదా, మంచిగనే అయితది" అన్నాడు.

ఆ మాట అనకపోయినా బాగుండేది.

షెడ్డులోకి వెళ్ళకుండా గదిలోకి వచ్చి నల్ల తెర తెరిచాను. ఒక్కటే చూద్దామని. అన్నీ కలపకుండా ఒక్కో వంటే కొట్టాను. పులిహోర కొట్టాను, వెల్లుల్లి లేదు. పరమాన్నంలో లేదు. పప్పులో లేదు. స్వామి సాంబారు కొట్టాను. వచ్చింది. స్వామి వంకాయ కొట్టాను. వచ్చింది, ఇంకా ఎక్కువ వచ్చింది.

ఫైలు తెరిచాను. గళ్ళలో వెల్లుల్లి లేదు. ఉప్పు, పసుపు, నూనె, ఇంటి కారం. అక్కడ ఆగాను. ఆ రెండింట్లోనే ఇంటి కారం ఉంది. పప్పులో పచ్చిమిరపకాయలు. ఇంటి కారం అని రాసి ఉన్న చోటల్లా ఈ నల్ల తెర వెళ్ళి కారం ఫైలు కూడా తెరుస్తుంది. మిరపకాయలూ ధనియాలూ అందుకే వచ్చాయి. ఆయన చెప్పాడు కదా, అవి మన కారానివి అని.

కారం ఫైలు తెరిచాను. మిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఉప్పు. ఆఖరి గడిలో వెల్లుల్లి.

ఎండాకాలంలో ఆ కారం పట్టించినప్పుడు పాయలు ఒలిచింది నేనే. గోళ్ళ సందుల్లో నాలుగు రోజులు వాసన పోలేదు. అయినా గుర్తు రాలేదు. మా ఇంట్లో కారం అంటే అదే. దాన్ని ఎవరూ వెల్లుల్లి అనుకోరు. ఆయన అనుకోలేదు, అత్తమ్మ అనుకోలేదు. ఆ తెర ఒక్కటే చెప్పింది, దాని మాట నేను తుడిచేశాను.

లేచి షెడ్డుకు పరుగెత్తాను. గుమ్మంలోకి వెళ్ళేసరికి వాసన కొట్టింది. వంకాయల మీద కారం పడిపోయింది. అత్తమ్మ జాడీ చంకన పెట్టుకుని సాంబారు గుండిగ దగ్గరికి నడుస్తోంది. దశరథం అన్న గుండిగ కలుపుతున్నాడు. ఇంకో ఇద్దరు మనుషులు విస్తర్లు తుడుస్తున్నారు, గురుస్వామి పంపినవాళ్ళు, మెడలో మాలలతో.

వాళ్ళ ముందు ఏం చెప్పాలి? కారంలో వెల్లుల్లి వాసన వస్తోందంటే, మరి వండే మనిషికి తెలియలేదా అంటారు. అత్తమ్మ ఇన్నేళ్ళు దాచుకున్నది నా నోటి నుంచి బయటపడుతుంది.

"అత్తమ్మా, గా కారం వెయ్యకు" అన్నాను.

సరిగ్గా అప్పుడే మా నెత్తి మీద నుంచి విమానం పోయింది. రేకులు అదిరాయి. ఎవరికీ వినపడలేదు. అత్తమ్మ గంటె నింపింది. నేను ఊళ్ళో, బళ్ళో, పెళ్ళిలో ఎక్కడా ఎత్తనంత గొంతు ఎత్తాను.

"అత్తమ్మా, ఆగు. కారం వెయ్యకు."

విమానం అప్పటికే పోయింది. నా కేక ఒక్కటే షెడ్డులో మిగిలింది. అందరూ నన్నే చూశారు. అత్తమ్మ గంటె గాలిలో ఆగింది.

"ఎందుకే?"

"లిస్టు చెప్తున్నది" అన్నాను. "గా కారం లెక్కల ఎల్లిగడ్డ ఉన్నదని. మొన్ననే చెప్పింది. నేనే తీసేసిన."

అత్తమ్మ నన్ను చూసింది. జాడీలోకి చూసింది. మెల్లగా గంటెడు కారం జాడీలోనే వేసి మూత పెట్టింది. ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాను. కొట్టినా బాగుండేది అనిపించింది.

దశరథం అన్న మెల్లగా అన్నాడు, "నాకు జర వాసన తగిలింది పెద్దమ్మా. నువ్వే ఏస్తున్నవని ఊకున్న."

"ఊకుంటివా" అంది అత్తమ్మ. "మంచిగ ఊకుంటివి. ఇగ ఆ వంకాయ దించు. గోదాముల పిల్లలకు పంపు, వాళ్ళకేం మాల లేదు. ఆ పొయ్యి కడుగు, కొత్త గుండిగ పెట్టు." తర్వాత నా వైపు తిరిగి, "రేపటి ఆలుగడ్డలున్నయి గదా. ఎంత కావాల్నో, కారం ఎంత కావాల్నో గా డబ్బాను అడుగు, పో" అంది.

గదికి పరుగెత్తాను. తొందరలో అక్షరాలు తప్పాయి. రెండుసార్లు ఎర్రగా వచ్చింది. కారం ఫైలు నకలు తీశాను, వెల్లుల్లి వరుస తీసేశాను, దానికి స్వామి కారం అని పేరు పెట్టాను. ఆలుగడ్డ కూరకూ నకలు తీసి అందులో ఉల్లిగడ్డ, వెల్లుల్లి కొట్టేశాను. ఆ కూరలోనూ సాంబారులోనూ ఇంటి కారం అని ఉన్న గడిలో స్వామి కారం అని మార్చాను. ఎవరూ చెప్పలేదు, మంచం మీద ఎవరూ లేరు. అన్నీ కలిపి మళ్ళీ కొట్టాను. పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివాను. మళ్ళీ కిందినుంచి పైకి చదివాను.

వెనక అత్తమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఇగ లేదా?"

"లేదు అత్తమ్మా."

మిరపకాయలకు దశరథం అన్న బండి మీద పోయాడు. నేను వేయించాను, అత్తమ్మ మిక్సీ పట్టింది. ఇద్దరికీ తుమ్ములు. ముక్కు పనిచేయకపోయినా ఘాటు మాత్రం వదల్లేదు ఆమెను. తుమ్ముతూనే నవ్వింది.

పూజ అయ్యేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నైవేద్యం పెట్టాక స్వాములు కూర్చున్నారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఎవరైనా లేస్తారేమోనని విస్తర్లనే చూశాను. ఎవరూ లేవలేదు. నల్లబట్టల్లో ఒక చిన్న వయసు స్వామి, కొత్తగా మాల వేసుకున్నట్టున్నాడు, సాంబారు ముందు కొంచెం ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తర్వాత అన్నంలో కలుపుకుని తిన్నాడు. మళ్ళీ పోయమన్నాడు.

గురుస్వామి చెయ్యి కడుక్కుని వచ్చి, వంకాయ అన్నరు, ఆలుగడ్డ పెట్టిన్రు ఏంది మాతా అని అడిగాడు. అత్తమ్మ కొంచెం కూడా తడుముకోలేదు.

"వంకాయల ఎల్లిగడ్డ కారం పడ్డది స్వామీ. మా కోడలు చూసి ఆపింది. పక్కన పెట్టినం."

నేను తలుపు వెనక్కి పూర్తిగా జరిగాను. గురుస్వామి తడి చేతులు కండువాకు తుడుచుకున్నాడు. తర్వాత, "దాచకుంట చెప్పినవు. శనివారం భిక్ష గూడ మీరే వండాలె" అన్నాడు.

మేము తినేటప్పటికి ఎండ వాలింది. అప్పుడే కారు వచ్చింది. ఆయన తనంతట తానే దిగాడు. ఎడమ కన్ను మీద చిన్న గుడ్డ ఉంది, కుడి కన్ను ఎర్రగా, నీళ్ళు కారుతూ, తెరిచి ఉంది. గుమ్మం దగ్గర నన్ను చూశాడు.

"ఏంది, ముఖమంత కారం పూసుకున్నవు?" అన్నాడు.

ముఖం మీద కారం ఉందని చూడగలిగాడు. అప్పుడు ఏడుపు వచ్చింది. మిరపకాయల వల్ల అన్నాను.

నవంబర్ 27, గురువారం

ఆయనకు అంతా చెప్పాను, రాలేదని అబద్ధం చెప్పిన సంగతి కూడా. అవి తీసెయ్ అన్నది నేనే గదా, కారంల ఏముందో నేను గూడ మరిచిన అన్నాడు. ఇకనుంచి లిస్టులో ఏదైనా తీసేసే ముందు అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి అనుకున్నాం. ఇద్దరం అనుకున్నాం. నేను ఒక్కదాన్నే కాదు.

రెండో కన్ను కూడా బాగైతదని డాక్టరు అన్నాడట. ఈసారి నమ్మాను.

నవంబర్ 29, శనివారం

భిక్ష అయింది. స్వామి కారంతోనే. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఇంత బాగుంటుందని తెలియదు.

డిసెంబర్ 2, మంగళవారం

ఈ రోజు గోదాముల భోజనానికి అత్తమ్మ పప్పుకు పోపు పెట్టింది. దశరథం అన్న పక్కనే ఉన్నాడు. ఆమె అతన్ని అడగలేదు. గరిటె పట్టుకుని వచ్చి, గదిలో నల్ల తెర ముందు కూర్చున్న నా ముఖం దగ్గర పెట్టింది.

"మాడిందా బిడ్డా?"

పీల్చాను. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, బాగా వేగిన వెల్లుల్లి.

"మాడలేదు అత్తమ్మా. ఇప్పుడే దించాలె."

సరే అని వెళ్ళి దించింది.